సిరాబుడ్డికి తోడబుట్టిన ఇసుక బుడ్డి

నేను ఒక ఇసుక బుడ్డిని. ఈ మాట వినగానే పిల్లల ఆటవస్తువేమో అనుకుంటారని నాకు తెలుసు. తప్పు మీది కాదు. అద్దుడు కాగితం పుట్టకముందు, ఈక కలాలతో రాసే రోజుల్లో, తడి సిరా అలుక్కుపోకుండా దానిమీద సన్నని ఇసుక చల్లేవారు. ఇసుక తడిని పీల్చేసుకునేది. కాగితం ఎత్తి దులిపితే అక్షరం నిలబడేది. ఆ ఇసుకను కడుపులో పెట్టుకుని, నెత్తిమీది ఇరవై ఒక్క చిల్లుల్లోంచి రాల్చడం నా ఉద్యోగం.

నాకొక అక్క ఉంది. సిరాబుడ్డి. దక్షిణ అమెరికా పడమటి తీరాన, మా దేశాన్ని ఇంకా స్పెయిన్ రాజు ఏలుతున్న కాలంలో, ఒక కంసాలి ఒకే వెండి ముద్దను రెండుగా కోసి మా ఇద్దరినీ చేశాడు. దాన్ని పొద్దున చేశాడు, నన్ను సాయంత్రం. ఆ ఒక్క పూట తేడాకు అది అక్కయిపోయింది. దాని పొట్టచుట్టూ ద్రాక్షతీగ చెక్కాడు. నా దగ్గరికొచ్చేసరికి చెయ్యి నొప్పి పుట్టిందో, దీపంలో నూనె అయిపోయిందో, రెండు గీతలు గీసి వదిలేశాడు. ఈర్ష్య నాకు పుట్టుకతోనే వచ్చిందంటే నమ్మండి.

మమ్మల్ని కొన్నవాడు దోన్ బల్తసార్ ఉర్రూతియా. కొండల దిగువన, నది ఒడ్డున ఉన్న సాంతా ఇనెస్ అనే చిన్న ఊరికి ఆయన పత్రాలు రాసే నోటరీ. పొలాల అమ్మకాలు, వీలునామాలు, అన్నదమ్ముల తగాదాలు, అన్నీ మా ముందే కాగితమెక్కేవి. ఆయన రాసేటప్పుడు కలాన్ని ఎంతో గౌరవంగా అక్కలో ముంచేవాడు. రాయడం అయ్యాక నన్ను పట్టుకుని ఉప్పు చల్లినట్టు చల్లి, చూడకుండానే బల్లమీద పడేసేవాడు.

1820 డిసెంబరు ఇరవై నాలుగున ఆ ఊరి పెద్దలు నలభై ఒక్కమంది మా బల్ల చుట్టూ చేరారు. ఇక స్పెయిన్ రాజుకు తలవంచబోమని ప్రమాణపత్రం రాసుకున్నారు. పట్టుబడితే ఉరే. ప్రతి సంతకం మీదా నేను మా నది ఇసుక చల్లాను. పత్రం పూర్తయ్యాక, తీరంలో ఉన్న పెద్ద పట్నం పుయెర్తో అల్తోను కూడా కలుపుకోవాలని, పత్రం తీసుకుని వెళ్లిరమ్మని బల్తసార్‌ను పంపారు. ఆయన సంచీలో కాగితం పెట్టాడు, అక్కను పెట్టాడు. నన్ను ఎత్తి, ఒక్క క్షణం ఆలోచించి, మళ్లీ బల్లమీదే పెట్టేశాడు.

"సముద్రం ఒడ్డున ఉన్న ఊరికి ఇసుక మోసుకెళ్లడమేమిటి?" అని కూతురితో నవ్వుతూ అన్నాడు.

ఆయన తిరిగి రాలేదు. పట్నంలో జ్వరం తగిలి పోయాడు. సంచీ పట్నం సభలోనే ఉండిపోయింది. పుయెర్తో అల్తో పెద్దలు జనవరి ఎనిమిదిన తమ ప్రమాణం తాము చేసుకున్నారు, మా అక్కలోనే కలం ముంచి. సైన్యాలు వచ్చాయి, పోయాయి, దేశం స్వతంత్రమైంది. పుయెర్తో అల్తో 'స్వాతంత్ర్యానికి తొలి నగరం' అయింది. ఏటా జనవరి ఎనిమిదిన అక్కడ కవాతు, బ్యాండు, దేశాధ్యక్షుడి ప్రసంగం. సాంతా ఇనెస్ మాట ఎవరెత్తినా పట్నంవాళ్లు నవ్వేవారు. "మీ పత్రం ఏదీ? చూపించండి" అనేవారు. చూపించడానికి మా దగ్గర నేను తప్ప ఏమీ లేదు. నన్ను చూసి ఎవరు నమ్ముతారు?

బల్తసార్ కూతురు నాలో మిరియాల పొడి పోసింది. చిల్లులున్నాయి కదా, ఇంకెందుకు పనికొస్తుందనుకుంది. నలభై ఏళ్లు పులుసుల్లో, సూపుల్లో మిరియాలు రాల్చాను. ఆమె మనవడు బూట్లలో చల్లుకునే పొడి పోశాడు. ఆ సంగతి ఇంతకంటే చెప్పను. అదే కాలంలో అక్కను పుయెర్తో అల్తో మ్యూజియంలో ఎర్ర మఖమలు గుడ్డమీద కూర్చోబెట్టారని మా ఇంటికొచ్చిన చుట్టం చెప్పాడు. ఆ రోజు బూటులోకి పొడి రాలనివ్వకుండా చిల్లులన్నీ బిగబట్టుకుందామనుకున్నాను. వెండికి అంత స్వతంత్రం ఎక్కడిది?

చివరికి నేను కొన్సుయెలో చేతికొచ్చాను. అసలు చెప్పాలనుకున్న కథ ఆమెదే.

కొన్సుయెలో ఉర్రూతియా, బల్తసార్ వంశంలో ఆఖరి మనిషి. సాంతా ఇనెస్ ఆడపిల్లల బడిలో చరిత్ర చెప్పేది. పెళ్లి చేసుకోలేదు, అందుకే ఊరంతా 'సెన్యోరీతా' అని పిలిచేది. సన్నగా, నిటారుగా, ఎప్పుడూ ఎవరితోనో వాదిస్తున్నట్టు నడిచేది. నన్ను కడిగి, తోమి, నాలో మళ్లీ మా నది ఇసుక పోసింది. ఏటా డిసెంబరు ఇరవై నాలుగున నన్ను బడికి తీసుకెళ్లి, పిల్లల ముందు సిరాతో నాలుగు మాటలు రాసి, ఇసుక చల్లి, "మన స్వాతంత్ర్యం ఇలా ఆరింది" అని చెప్పేది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతులో గర్వం కంటే మంట ఎక్కువుండేది. ఆ మంట నాకు బాగా తెలిసిందే.

ఎందుకంటే ఆమెకూ ఒక సిరాబుడ్డి ఉంది. పేరు అంపారో వెలాస్కో. ఇద్దరూ రాజధానిలో ఒకే కాలేజీలో, ఒకే బెంచీ మీద చదువుకున్నారు. పుయెర్తో అల్తో మ్యూజియంలో ఉద్యోగానికి ఇద్దరూ దరఖాస్తు పెట్టారు. అంపారోది ఆ పట్నమే, ఉద్యోగం ఆమెకే వచ్చింది. ఇరవై ఏళ్లుగా ఏ పత్రికలో అంపారో ఫోటో పడినా కొన్సుయెలో దాన్ని కత్తిరించి దాచేది. కోపంతో దాచేదో ప్రేమతో దాచేదో నాకు తెలియదు. సొరుగులో ఆ కత్తిరింపుల పక్కనే నేనూ ఉండేదాన్ని.

ప్రమాణాలు జరిగి నూట యాభయ్యో ఏడు దగ్గరపడింది. ఏ ఊరు ముందు ప్రమాణం చేసిందో తేల్చి, ఆ ఊళ్లో ప్రభుత్వం ఒక కాలేజీ కడుతుందని ప్రకటన వచ్చింది. తేల్చడానికి రాజధాని నుంచి ముగ్గురు సభ్యుల కమిషన్ వస్తుందన్నారు. సాంతా ఇనెస్ మేయరు దోన్ ఫెర్మీన్ బడికి పరుగెత్తుకొచ్చాడు.

"సెన్యోరీతా, ఆ కాగితం ఎక్కడుందో పట్టుకోవాలి. మన పిల్లలు పది గంటలు బస్సులో కూర్చుంటే గానీ కాలేజీ మొహం చూడట్లేదు. ఈ ఒక్కసారి ఆ పట్నంవాళ్ల నోరు మూయించండి."

కొన్సుయెలో నన్ను చేతిరుమాల్లో చుట్టి సంచీలో వేసుకుని బస్సెక్కింది. అక్క వెళ్లిన నూట యాభై ఏళ్లకు నేను పుయెర్తో అల్తో చూశాను. అంతటా ఇసుకే. తెల్లది, ముతకది, దేనికీ పనికిరానిది.

మ్యూజియంలో మొదటి గదిలోనే అక్క. గాజుపెట్టెలో, పైన దీపం, కింద మఖమలు. చుట్టూ బడిపిల్లలు నోళ్లు తెరుచుకుని నిలబడ్డారు. పొట్టమీది ద్రాక్షతీగ మిలమిల మెరిసిపోతోంది. నేను రుమాలు సందులోంచి చూశాను. అది నన్ను గుర్తుపట్టలేదు. బహుశా అది ఎవరినీ చూడటం మానేసి చాలా కాలమైంది. నా కడుపులో ఇసుక ఉడికిపోయింది.

అంపారో తన గదిలోంచి వచ్చింది. ఫోటోల్లో కంటే లావుగా, అలసటగా ఉంది. కొన్సుయెలో పలకరింపు కూడా లేకుండా, "పాత కాగితాలు చూడాలి. అనుమతి కావాలి" అంది.

అంపారో ఆమెను ఎగాదిగా చూసి లోపలికి వెళ్లి, ఒక అట్టపెట్టె తెచ్చి బల్లమీద పెట్టింది. మూతమీద 'పట్నం ప్రమాణం, చిత్తుప్రతి' అని రాసి ఉంది.

"ఇందులో ఉంది" అంది.

"ఏది?"

"నువ్వు వెతుకుతున్నది. నేను ఎనిమిదేళ్ల క్రితమే చూశాను. పైభాగం పురుగులు తినేశాయి, ఊరి పేరు లేదు. అయినా ఆ చేతిరాత మీ బల్తసార్‌దేనని చూడగానే తెలిసింది."

కొన్సుయెలో మొహం పాలిపోయింది. "ఎనిమిదేళ్లా! ఒక ఉత్తరం ముక్క రాయలేకపోయావా?"

"రాస్తే నువ్వు గెలుస్తావు" అంది అంపారో. "కాలేజీలో ప్రతి పరీక్షలోనూ నువ్వే ముందు. ఉద్యోగం ఒక్కటే నాకొచ్చింది, అదీ ఈ ఊళ్లో పుట్టాను కాబట్టి. ఈ గెలుపు కూడా నీకెందుకివ్వాలనిపించింది."

"నువ్వు నామీద ఈర్ష్యపడ్డావా?" అంది కొన్సుయెలో. "నువ్వా?"

"ఇన్నేళ్లూ అదే పని. ఇవాళ నువ్వు స్వయంగా వచ్చి అడిగావు. అడిగాక లేదని చెప్పడం నా వల్ల కాలేదు. చూసుకో."

కొన్సుయెలో కుర్చీలో కూలబడింది. తనమీద ఈర్ష్యపడేవాళ్లు కూడా ఉంటారని ఆమెకు ఎన్నడూ తోచలేదు. గాజుపెట్టెలో ఉన్న అక్క కూడా ఎప్పుడైనా నా గురించి అనుకుందా అని ఆ క్షణాన నాకూ అనిపించింది.

కాగితం తీశారు. కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే, సంతకాల మడతల్లో, అక్షరాల ఒంపుల్లో నల్లని రేణువులు తళుక్కుమన్నాయి. కొన్సుయెలో నన్ను సంచీలోంచి తీసి, తెల్లకాగితం మీద రెండు చిటికెలు చల్లింది. అవే నల్ల రేణువులు. మా నది ఇనుప కొండల్లోంచి దిగి వస్తుంది, దాని ఇసుక సగం ఇనుమే. అంపారో సొరుగులోంచి అయస్కాంతం తీసి కాగితం కింద ఆడించింది. నా ఇసుక మీసం దువ్వినట్టు లేచి నిలబడింది. పత్రం మీది రేణువులూ అలాగే లేచాయి. సముద్రపు ఇసుక తెచ్చి పోసి చూశారు. అది కదలలేదు.

సముద్రం ఒడ్డున ఇసుకకు కరువా అన్నాడే, ఆ బల్తసార్ బతికుంటే బాగుండేది. కాగితానికి ఊరు నేను చెప్పాను. అక్కలోని సిరా ఎక్కడైనా సిరానే, మా నది ఇసుక మా ఊళ్లోనే ఉంటుంది. పుట్టి ఇన్నేళ్లకు నాకు మొదటిసారి కడుపు నిండింది.

అప్పుడు కొన్సుయెలో కాగితం వెనక్కి తిప్పింది. అక్కడ బల్తసార్ రాత, ఇంకాస్త చిన్న అక్షరాలతో ఒకే పొడుగాటి వాక్యం. ఆమె నెమ్మదిగా కూడబలుక్కుంటూ చదివింది.

"'ఈ డిసెంబరు ఇరవై నాలుగున రాజును కాదని మేము ఈ ప్రమాణం చేశాము, మూడు రోజుల ముందు మా పైకొండ మీది ఉర్పిబాంబా జనం రాయడం వచ్చినవాడు లేక నోటితోనే ఈ ప్రమాణం చేశారని విని, వారిని చూసి ధైర్యం తెచ్చుకుని.'"

ఉర్పిబాంబా అంటే సాంతా ఇనెస్‌కు నాలుగు గంటల నడక. కొండజాతి రైతుల ఊరు. శనివారం సంతకు జున్ను, బంగాళాదుంపలు తెచ్చి అమ్ముకుని సాయంత్రానికి వెళ్లిపోతారు. కొన్సుయెలో బడిలో వంట చేసే సతుర్నీనాది ఆ ఊరే. ఇరవై ఏళ్ల పాఠాల్లో ఆ ఊరి పేరు ఒక్కసారి కూడా రాలేదు.

"వెనకవైపు నువ్వు చదివావా?" అడిగింది కొన్సుయెలో.

"చదివాను" అంది అంపారో. "కమిషన్ ముందు ఈ పాత రాత చదవగలిగేది మనిద్దరమే. నేను నోరు తెరవను. ఎక్కడిదాకా చదువుతావో నీ ఇష్టం."

ఊరికి తిరిగొచ్చాక మేయరు విని పకపకా నవ్వాడు. "ఇంతేనా? 'మేము ఈ ప్రమాణం చేశాము' దాకా చదివి ఆపెయ్యండి. వాక్యం అక్కడికి చక్కగా సరిపోతుంది కూడా. మిగతాదాని మీద బొటనవేలు పెట్టండి. ఉర్పిబాంబావాళ్లు కాలేజీ ఏం చేసుకుంటారు సెన్యోరీతా, వాళ్లకి బడే సరిగ్గా లేదు!"

మీకు నిజం చెబుతున్నాను, నేనూ అదే కోరుకున్నాను. నూట యాభై ఏళ్లు మిరియాలు, బూట్ల పొడి మోసి, ఇప్పుడు నా వంతు వచ్చేసరికి ఇంకెవరో నాకంటే ముందని వినాలా? కొన్సుయెలో కూడా అలాగే అనుకుంది. ఆ వారమంతా బొటనవేలు పెట్టి చదవడం అద్దం ముందు సాధన చేసింది. చూశాను కాబట్టి చెబుతున్నాను.

ఒక మధ్యాహ్నం వంటగది గుమ్మంలో నిలబడి, ఊరికే అడిగినట్టు అడిగింది.

"సతుర్నీనా, మీ ఊళ్లో డిసెంబరులో పండగేమన్నా ఉందా?"

సతుర్నీనా బంగాళాదుంపలు చెక్కు తీస్తూ తల ఎత్తలేదు. "పండగంటూ కాదు సెన్యోరీతా. ఇరవై ఒకటో తారీకున మావాళ్లు పొలం పోరు. కొండెక్కి పేర్లు చెప్పుకుంటాం."

"ఏం పేర్లు?"

"ఆ రోజు మాటిచ్చినోళ్ల పేర్లు. మా అమ్మమ్మకి అన్నీ వచ్చు."

"ఈ సంగతి ఇన్నాళ్లూ నాకెప్పుడూ చెప్పలేదేం?"

"మీరు అడగలేదుగా" అంది సతుర్నీనా, తప్పు పట్టినట్టు కాకుండా, దుంపల నీళ్లు పారబోస్తూ.

కమిషన్ పుయెర్తో అల్తో పురపాలక భవనంలో కూర్చుంది. సాంతా ఇనెస్ నుంచి మూడు బస్సుల జనం వచ్చారు. పట్నంవాళ్లు ఒకవైపు, మావాళ్లు ఒకవైపు. ముందు వరుసలో అంపారో. బల్లమీద నేను. ఇసుక, అయస్కాంతం పరీక్ష మళ్లీ చేసి చూపించారు. నా ఇసుక లేచి నిలబడగానే మావాళ్లు టోపీలు ఎగరేశారు. కమిషన్‌కు అధ్యక్షుడైన ముసలాయన కళ్లజోడు సవరించుకుని, "తేదీ ఏమన్నా ఉందా?" అని అడిగాడు.

కొన్సుయెలో కాగితం వెనక్కి తిప్పింది. బొటనవేలు సరిగ్గా సాధన చేసిన చోటే పడింది. "ఈ డిసెంబరు ఇరవై నాలుగున రాజును కాదని మేము ఈ ప్రమాణం చేశాము" అని చదివి ఆగింది.

హాలు మారుమోగింది. మేయరు లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. కమిషన్ గుమాస్తా రాసుకుంటున్నాడు. అంతా అయిపోయినట్టే. కొన్సుయెలో తల ఎత్తి ముందు వరుస చూసింది. అంపారో చప్పట్లు కొట్టడం లేదు, తల అడ్డంగా ఊపడమూ లేదు. ఊరికే చూస్తోంది. కాగితాన్ని కాదు, కొన్సుయెలో బొటనవేలిని.

ఆ వేలు చల్లబడటం కాగితం పక్కనే ఉన్న నాకు తెలిసింది. తరువాత రోజుల్లో పత్రికలు ఆమె సత్యసంధత గురించి చాలా రాశాయి. అదేం కాదు. మేయరు కాక ఈ లోకంలో ఒకే ఒక మనిషికి తను దాచిన సంగతి తెలుస్తుంది, ఆ మనిషి అంపారో అవుతుంది. జీవితాంతం ఆమె ముందు చిన్నబోయి బతకడం కొన్సుయెలో తట్టుకోలేదు. ఆ రోజు ఆమెచేత మంచిపని చేయించింది ఈర్ష్యే.

"అయిపోలేదు. వాక్యం ఇంకా ఉంది" అంది. వేలు తీసింది. చివరిదాకా చదివింది.

మావైపు నుంచి కేకలు. "ఎవరడిగారమ్మా నిన్ను!" అని ఒకడు. "నోటిదగ్గరి కూడు పారబోసింది!" అని ఇంకొకడు. మేయరు టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు. తిరుగు బస్సులో కొన్సుయెలో పక్క సీటు ఖాళీగానే ఉంది. ఆ సీటులో నన్ను పెట్టుకుంది.

కమిషన్ నాలుగు నెలలు ఆలోచించి తీర్పు రాసింది. పుయెర్తో అల్తో జనవరి ఎనిమిదిని ఆనవాయితీగా జరుపుకోవచ్చు. సాంతా ఇనెస్‌ను 'తొలి ఊళ్లలో ఒకటి'గా గుర్తిస్తారు. ఉర్పిబాంబా ప్రజల దగ్గర రాతపూర్వక ఆధారం లేనందున ఆ విషయం పరిశీలనలో ఉంటుంది. రాయడం వచ్చినవాడు లేడని కాగితమే చెబుతుంటే రాసింది చూపించమన్న మనుషుల తెలివికి నేనేం చెప్పను? కాలేజీ మాత్రం పట్నంలోనే కట్టారు. సాంతా ఇనెస్‌లో కొన్సుయెలోకు పలకరింపులు ఆగిపోయాయి. రొట్టెల దుకాణంలో ఆమె వంతు రాగానే దుకాణదారుకు ఏవో పనులు గుర్తొచ్చేవి. అంపారో మాత్రం నెలకో ఉత్తరం రాసేది. నన్ను మ్యూజియానికిస్తే అక్క పక్కన కూర్చోబెడతానని ప్రతి ఉత్తరంలోనూ అడిగేది. కొన్సుయెలో జవాబు రాసేది గానీ ఆ మాటకు జవాబు రాసేది కాదు. మఖమలు మీద నాకు ఆశ లేదని అబద్ధమాడను.

డిసెంబరు వచ్చింది. ఇరవయ్యో తారీకున సతుర్నీనా తలుపు తట్టింది.

"మా అమ్మమ్మ రమ్మంటోంది. రేపు కొండమీద. మీరు కాగితం చదివిన సంగతి మావాళ్లు చెప్పారంట."

తెల్లవారకముందే బయల్దేరారు. కొన్సుయెలో సంచీలో ఒక నోటుపుస్తకం, ఒక బాల్‌పెన్ను, నేను. నన్నెందుకు పెట్టుకుందో అడిగితే ఆమె కూడా చెప్పలేకపోయేది. ఎక్కుతుంటే ఆమెకు ఊపిరాడలేదు. సతుర్నీనా ఆగి చెయ్యి అందించింది.

శిఖరం మీద వందమంది దాకా ఉన్నారు. ఉన్ని శాలువాలు కప్పుకుని గాలికి వీపు పెట్టి కూర్చున్నారు. మధ్యలో సతుర్నీనా అమ్మమ్మ, మామా హసింతా; అక్కడ 'మామా' అంటే అమ్మ. పళ్లు లేవు, కళ్లు సగమే కనిపిస్తాయి. ఎవరూ అడగకుండానే పేర్లు మొదలుపెట్టింది. ఫలానా ఇంటి ఫలానా ఆమె, మేకలు కాసేవాడు, కుండలు చేసే మనిషి, కొత్తగా పెళ్లైన ఇద్దరు. ప్రతి పేరు తరువాతా అందరూ ఒక్కసారి "ఉన్నాడు", "ఉంది" అనేవారు. డెబ్బై మూడు పేర్లు. ఒక్కటీ తడబడలేదు.

కొన్సుయెలో రాసుకుంది. బాల్‌పెన్ను సిరా రాస్తుండగానే ఆరిపోయింది. నాతో పని పడలేదు. ఆ ప్లాస్టిక్ పుల్ల మీద నాకు ఎంత కడుపుమంట పుట్టిందో మీరు ఊహించుకోగలరు.

పేర్లు అయిపోయాక ఆమె కొత్త పేజీ తిప్పి, పైన ఒకటి అని అంకె వేసి, పక్కన చుక్క పెట్టింది.

"మామా, వీళ్లలో ముందు ప్రమాణం చేసింది ఎవరు? మొదటి మాట ఎవరిది?"

సతుర్నీనా ఆ ప్రశ్నను వాళ్ల భాషలో చెప్పింది. ముసలామె అర్థంకానట్టు చూసింది. మళ్లీ అడిగించింది. అప్పుడు చుట్టూ ఉన్నవాళ్లతో ఏదో అంది. అందరూ నవ్వారు. వెక్కిరింపు కాదు, పిల్లలు ఏదో తెలియక అడిగితే నవ్వినట్టు.

"ఏమంటోంది?" అడిగింది కొన్సుయెలో.

"ముందెవరు, వెనకెవరు అనేది లేదంట" అంది సతుర్నీనా. "ఒక్కళ్లే అంటే పట్టుకుపోతారని, అందరూ ఒక్కసారే అన్నారంట."

కొన్సుయెలో పేజీ మీంచి తల ఎత్తింది. కొండకింద సాంతా ఇనెస్ పెంకుటిళ్లు, వాటికవతల, ఎండకు మెరిసే సన్నని గీతలా సముద్రం, దాని ఒడ్డున పుయెర్తో అల్తో. ఇంత ఎత్తునుంచి చూస్తే ఏ ఊరు ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. ఆమె పెన్ను తీసుకుని ఆ అంకెను కొట్టేసింది. నోటుపుస్తకం మూసి, సతుర్నీనా పక్కన గాలికి వీపు పెట్టి కూర్చుంది.